మా తమ్ముడి ఫైలు: మేధో వైకల్యం ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మా తమ్ముడికి 34 ఏళ్ళు. యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) మీద మేధో వైకల్యం, 75 శాతం అని ఉంటుంది. మాది గుంటూరు వైపు పల్లెటూరు, పెళ్ళయ్యాక నేను హైదరాబాద్ వచ్చేశాను, కాబట్టి రెండు రాష్ట్రాల ఆఫీసుల మెట్లూ ఎక్కిన అనుభవం ఉంది. తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళు కూడా ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటే, చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాదు, లాయర్ని అంతకన్నా కాదు. పెన్షన్ మొత్తాలు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు సచివాలయంలోనో మీసేవలోనో ఒకసారి అడిగి వెళ్ళండి.

లెర్నింగ్ డిజబిలిటీ అంటే డిస్లెక్సియానా, బుద్ధిమాంద్యమా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఇద్దరూ కరెక్టే, దేశాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర లెర్నింగ్ డిజబిలిటీ అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది, అంటే డిస్లెక్సియా లాంటివి. పిల్లాడు మిగతా అన్నిట్లో చురుగ్గానే ఉంటాడు. ఇంగ్లండ్‌లో అదే మాటకి మేధో వైకల్యం అని అర్థం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మొత్తం 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ఈ రెండూ వేర్వేరుగా ఉంటాయి. ఈ పేజీ మేధో వైకల్యం గురించి. పాత కాగితాల్లో బుద్ధిమాంద్యం అనో, మానసిక వికలాంగులు అనో ఉంటుంది, ఆస్పత్రుల్లో ఇప్పటికీ 'ఎంఆర్ (మెంటల్ రిటార్డేషన్) కేసు' అనేవాళ్ళున్నారు. నాకైతే ఒళ్ళు మండుతుంది గానీ క్యూలో నిలబడి గొడవ పెట్టుకునే ఓపిక రోజూ ఉండదు.

ఇంకో మాట, ఇది మానసిక జబ్బు కాదు. మందులేస్తే తగ్గేదీ కాదు. నేర్పితే నేర్చుకుంటారు, కాకపోతే నెమ్మదిగా.

మూడేళ్ళొచ్చినా మాటలు సరిగా రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి, ఆగు" అంటున్నారు. ఆగాలా?

ఆగొద్దు. జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అని, చిన్నపిల్లల ఎదుగుదల చూసే కేంద్రాలుంటాయి. అంగన్‌వాడీకి, స్కూలుకి పిల్లల్ని పరీక్షించడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం డాక్టర్లు అక్కడికే పంపిస్తారు. వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష ముందు చేయించండి, ఒక్కోసారి అసలు విషయం అక్కడే ఉంటుంది. సికింద్రాబాద్ దగ్గర బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. దానికి అనుబంధంగా నెల్లూరులో సీఆర్‌సీ అనే పునరావాస కేంద్రం ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి 'మేధో వైకల్యం' అని ముద్ర వేయరు, 'ఎదుగుదలలో ఆలస్యం' అనే రాస్తారు, కాబట్టి పేరు పడిపోతుందని భయపడి వెళ్ళకుండా ఉండకండి.

మేనరికం వల్లేనా అని కూడా అడుగుతారు. మేనరికంలో కొన్ని జన్యు జబ్బుల రిస్కు పెరిగే మాట నిజం. కానీ డౌన్ సిండ్రోమ్‌కి మేనరికంతో సంబంధం లేదు, కాన్పులో బిడ్డకి ఊపిరాడకపోవడం లాంటి కారణాలకీ లేదు. చాలామందికి కారణమే తెలియదు. మా ఇంట్లో మేనరికం లేదు, అయినా మా అమ్మ ముప్ఫై ఏళ్ళపాటు అత్తగారి మాటలు పడింది.

సదరం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి?

ఊళ్ళల్లో వైకల్య సర్టిఫికెట్‌కి సదరం అనే మాట అలాగే ఉండిపోయింది గానీ దేశమంతా చెల్లేది యూడీఐడీ కార్డు. ఆంధ్రాలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో పరీక్ష స్లాట్ గురించి అడగండి. యూడీఐడీ వెబ్‌సైట్‌లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. ఆధార్, ఫోటో, పాత రిపోర్టులు ఉంటే చాలు. కార్డు మూడు రంగుల్లో వస్తుంది: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80 పైన నీలం. 40 అనే అంకె గుర్తుపెట్టుకోండి, దాదాపు అన్ని పథకాలూ అక్కడే మొదలవుతాయి.

అసలు చెప్పాల్సింది పరీక్ష రోజు గురించి. మాకు మొదటిసారి ఏం జరిగిందో చెబుతాను. అమ్మ వాడికి కొత్త చొక్కా వేసి, పౌడర్ రాసి, పేరు, ఊరు, నాన్న పేరు బట్టీ పట్టించి తీసుకెళ్ళింది. హాలు నిండా జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. లోపల ఆయన "ఇవాళ ఏం వారం?" అని అడిగితే వాడు "ఆదివారం చికెన్" అన్నాడు. ఆ రోజు బుధవారం. అందరూ నవ్వారు. "స్నానం తనే చేస్తాడా?" అంటే అమ్మ "చేస్తాడండీ, అన్నీ తనే చేసుకుంటాడు, బంగారం" అంది. మొత్తం నాలుగు నిమిషాలు. 25 శాతం వేశారు, పెన్షన్ రాలేదు.

నిజమేంటంటే, నీళ్ళు తోడి వేడి చూసేది అమ్మ, సబ్బు చేతికిచ్చేది అమ్మ, తల తుడిచేది అమ్మ, గుండీలు పెట్టేది అమ్మ. వాడు చెంబు ఎత్తి పోసుకుంటాడు, అంతే. అమ్మ అబద్ధం చెప్పలేదు. పరాయివాళ్ళ ముందు కొడుకుని తక్కువ చేసి మాట్లాడటానికి నోరు రాలేదు. అక్కడ అడిగేది బిడ్డ మంచివాడా కాదా అని కాదు. విఎస్ఎంఎస్ అనే కొలతలో, ఈ వయసువాళ్ళు మామూలుగా చేసుకునే పనుల్లో ఇతను ఎన్ని చేసుకోగలడు అని లెక్కిస్తారు. 2018 మార్గదర్శకాల ప్రకారం (2024లో కొత్తవి వచ్చాయి, ఒకసారి అడగండి) ఆ స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 36 నుంచి 54 అయితే 75, 21 నుంచి 35 అయితే 90, అంతకన్నా తక్కువైతే 100. 70 దాటితే 25 శాతమే, అంటే దాదాపు ఏదీ రాదు.

రెండోసారి నేను ముందురోజు రాత్రి కూర్చుని, వాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ పనిలో ఎవరి చెయ్యి ఎంత పడుతుందో ఒక పేజీ రాసి తీసుకెళ్ళాను. డబ్బులు లెక్కపెట్టలేడు, రోడ్డు ఒక్కడే దాటలేడు, నొప్పి ఎక్కడో చెప్పలేడు, అలాంటివి. సైకాలజిస్ట్ ఆ పేజీ తీసుకుని దాదాపు ముప్పావుగంట కూర్చుంది. 75 వచ్చింది. ఆ పేజీ జిరాక్స్ ఇప్పటికీ ఫైల్లో ఉంది.

శాతం తక్కువ వేశారు, లేదా తిప్పి పంపేశారు. ఇంక అంతేనా?

అంతే కాదు. చట్టంలోనే అప్పీలుకి అవకాశం ఉంది, రాష్ట్రం నియమించిన అధికారి దగ్గర. నోటిమాటగా వాదించొద్దు, కాగితం మీద రాసి, రిపోర్టులు జత చేసి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. చిన్నపిల్లలకి ఇచ్చే సర్టిఫికెట్ 5, 10, 18 ఏళ్ళకి రెన్యూవల్ చేయించాలి, 18కి ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. అయినా ఆంధ్రాలో 2025లో పెన్షన్‌దారులకి మళ్ళీ పరీక్షలు పెట్టారు, చాలా ఇళ్ళల్లో టెన్షన్ పడ్డారు. అందుకే ఒరిజినల్స్ అన్నీ దాచుకోమని చెప్పేది.

పెన్షన్ ఎంత వస్తుంది?

ఆంధ్రాలో 2024 జూలై నుంచి 6,000 రూపాయలు, ఒకటో తారీకున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016కి పెంచారు. చిన్నపిల్లలకీ వస్తుంది, 18 నిండాలనేమీ లేదు. వేలిముద్ర పడక ఇబ్బందైతే కనుపాపతో తీసుకోమని అడగండి. మా వాడు మిషన్ మీద వేలు కదలకుండా పెట్టడం నేర్చుకోవడానికే మూడు నెలలు పట్టింది, ఇంట్లో అగ్గిపెట్టె మీద ప్రాక్టీసు చేయించాం.

నిరామయ అంటే ఏమిటి? అది మామూలు ఇన్సూరెన్సేనా?

నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి మాత్రమే. ఏడాదికి లక్ష రూపాయల దాకా కవర్, ముందు వైద్య పరీక్షలు ఉండవు, కట్టేది కొన్ని వందలే. ఓపీ ఖర్చులు, థెరపీ ఖర్చులు కూడా ఇందులో వస్తాయి, బయటి పాలసీల్లో ఇవి దొరకడం కష్టం. ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉంటుంది. చిక్కేమిటంటే ముందు మనం పెట్టుకుని తర్వాత బిల్లులు పంపాలి, ఏటా రెన్యూవల్ మనమే గుర్తుపెట్టుకోవాలి. ఒక ఏడాది నేను మర్చిపోయాను, సరిగ్గా ఆ ఏడాదే వాడికి ఫిట్స్ వచ్చి ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది.

మామూలు స్కూలా, స్పెషల్ స్కూలా?

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. చట్టం ప్రకారం ఏ స్కూలూ వైకల్యం కారణంగా పిల్లల్ని వద్దనకూడదు, 40 శాతం పైన ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉంటాయి, అక్కడ ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, కదల్లేని పిల్లలుంటే ఇంటికొచ్చి చెబుతారు. బాగా నడిచేవి ఉన్నాయి, తాళం వేసి ఉండేవీ ఉన్నాయి. రెండు మూడు రోజులు వెళ్ళి బయట కూర్చుని చూడండి. స్పెషల్ స్కూల్‌కి పంపిస్తే, మూడు నెలలకోసారి పిల్లాడి కోసం రాసే ప్లాన్ చూపించమనండి. 'రంగులు వేయడం, దారంలో పూసలు గుచ్చడం' అని ఐదేళ్ళ పాటు అదే రాసి ఉంటే స్కూలు మార్చే ఆలోచన చేయండి.

స్కూలు అయిపోయింది. ఇప్పుడు రోజంతా టీవీ ముందే. ఏం చేయాలి?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. 18 ఏళ్ళదాకా ఏదో ఒక స్కూలు, ఏదో ఒక బస్సు ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఏమీ ఉండదు. పట్టణాల్లో పెద్దవాళ్ళకి డే కేర్ సెంటర్లు, పని నేర్పే కేంద్రాలు కొన్ని ఉన్నాయి, కవర్లు, అగర్‌బత్తీలు, ప్రింటింగ్, బేకరీ పనులు నేర్పుతారు. హైదరాబాద్‌లో ఎన్ఐఈపీఐడీలోను, స్వీకార్, ఠాకూర్ హరిప్రసాద్ లాంటి పాత సంస్థల్లోను అడిగితే దగ్గర్లో ఏం ఉన్నాయో చెబుతారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగుల కోటా 4 శాతం, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటి వాటన్నిటికీ కలిపి. కొద్దిపాటి వైకల్యం ఉన్నవాళ్ళు అటెండర్ పోస్టుల కోసం కన్నేసి ఉంచాల్సిందే.

పల్లెటూళ్ళో ఇవేమీ ఉండవు కదా, మాకూ లేవు. ఇంట్లోనే మొదలుపెట్టాం. టీ పెట్టడం నేర్పాలనుకున్నాం. 'టీ పెట్టు' అనేది వాడికి ఒక పని కాదు, పదకొండు పనులు. గిన్నె తీయడం, గ్లాసుతో నీళ్ళు కొలవడం, పొడి ఒక చెంచా, అలా. ఒక్కో మెట్టుకీ ఫోటో తీసి వంటింటి గోడకి అంటించాం. గ్యాస్ మీట తిప్పే దగ్గర ఆగిపోయాడు, అమ్మకి భయం, వాడికి భయం. చివరికి ఇండక్షన్ స్టవ్ కొని, నాలుగు నిమిషాలకి దానంతటదే ఆగిపోయేలా పెట్టాం. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగు గంటలైతే ఎవరు ఇంట్లో ఉన్నా అడక్కుండా టీ వస్తుంది, పంచదార మాత్రం పాకంలా ఉంటుంది.

డబ్బు సంగతి కూడా అంతే. వాడికి లెక్కలు రావు, పది రూపాయల నోటు ఒక్కటే గుర్తు. కాబట్టి చేతికి పది నోట్లే ఇస్తాం, పాల ప్యాకెట్‌కి ఎన్ని నోట్లో వేళ్ళమీద నేర్పాం, కిరాణా కొట్టు బాబాయికి ముందే చెప్పాం. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చే ఆ పావుగంట వాడి రోజులో అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి జ్వరమొచ్చి వెళ్ళకపోతే కొట్టు బాబాయే ఇంటికొచ్చి చూసి వెళ్ళాడు.

మా అబ్బాయికి 18 నిండాయి. నేను కన్నతల్లిని, నాకు గార్డియన్‌షిప్ కాగితం ఎందుకు?

ఎందుకంటే 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో అతను మేజరు, మీరు సహజ సంరక్షకులు కారు. బ్యాంకు, ఆస్తి, ఫ్యామిలీ పెన్షన్, ఎక్కడికి వెళ్ళినా "ఇతని తరఫున సంతకం చేయడానికి మీకేం హక్కుంది?" అని అడుగుతారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. కలెక్టర్, నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి, ముగ్గురుంటారు. కోర్టుకి వెళ్ళక్కర్లేదు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ సంస్థ గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంక్ ఎప్పుడో బ్యాంకులకి చెప్పింది. మా ఊరి మేనేజర్‌కి తెలియదు. సర్క్యులర్ ప్రింటు తీసి ఇచ్చాక రెండు వారాలకి ఖాతా తెరిచారు.

ఆలస్యం అవుతుంది, అది మాత్రం చెప్పి తీరాలి. కమిటీ మీటింగ్ నెలల తరబడి పెట్టని జిల్లాలున్నాయి. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి, నెలకోసారి వెళ్ళి కనిపించండి.

గార్డియన్ అయ్యాక బాధ్యతలూ ఉన్నాయి. ఆరు నెలల్లో ఆ వ్యక్తి ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు లెక్కలు చూపాలి. తేడా చేస్తే తీసేయొచ్చు. ఇదంతా ఆస్తి కోసం దగ్గరయ్యే చుట్టాల గురించి పెట్టిన రూలని నాకనిపిస్తుంది, మంచిదే.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. గార్డియన్ అంటే సంతకం మీది, జీవితం వాళ్ళది. ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరింటికి వెళ్ళాలి అనేవి కూడా మనమే తేల్చేస్తుంటాం. మా వాడిని ఈ మధ్యే అడగడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా వాడికి ఉప్మా ఇష్టం లేదట!

ఆస్తి ఎలా రాయాలి? నాన్న ప్రభుత్వ ఉద్యోగి, ఆయన తర్వాత పెన్షన్ వస్తుందా?

వీలునామా తప్పకుండా రాయండి, రిజిస్టర్ చేయించండి. ఎక్కువ ఆస్తి ఉంటే లాయర్‌తో మాట్లాడి ప్రైవేట్ ట్రస్టు పెట్టే ఆలోచన చేయండి, అద్దెనో వడ్డీనో నెలనెలా వాడి ఖర్చుకి వచ్చేలా. 'అన్నయ్యకి రాస్తాం, తమ్ముడిని చూసుకుంటాడు' అనేది చాలా ఇళ్ళల్లో ప్లాను. అన్నయ్య మంచివాడే కావచ్చు, అప్పులపాలు కావచ్చు, ముందే పోవచ్చు కూడా.

ఫ్యామిలీ పెన్షన్ గురించి చాలామందికి తెలియదు. కేంద్ర ఉద్యోగులకి, మన రెండు రాష్ట్రాల ఉద్యోగులకి కూడా, సంపాదించుకోలేని మేధో వైకల్యం ఉన్న బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చే రూలుంది. తల్లిదండ్రులు బతికుండగానే బిడ్డ పేరు పెన్షన్ కాగితాల్లో చేర్పించుకోండి. ఇద్దరూ పోయాక మొదలుపెడితే, పరిగెత్తే మనిషికి ఏ కాగితం ఎక్కడుందో కూడా తెలియదు.

రైలు, ఇన్‌కమ్ టాక్స్?

తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్ళకి, తోడు వచ్చే ఒకరికి కూడా, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ. రైల్వే వాళ్ళ కార్డు ముందే చేయించుకోవాలి. టాక్స్‌లో అందరూ 80డీడీ అని పిలిచే మినహాయింపు 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే 1,25,000. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే.

ఉన్నట్టుండి కొడుతున్నాడు, తల గోడకేసి బాదుకుంటున్నాడు. మందులు వాడాలా?

ముందు నొప్పి ఎక్కడైనా ఉందేమో చూడండి. మా వాడు ఒకసారి మూడు రోజులు కుడి చెంప మీద అరచేత్తో కొట్టుకుంటూనే ఉన్నాడు. అన్నం పళ్ళెం విసిరేశాడు. పక్కింటావిడ దిష్టి తీసింది, ఒక డాక్టర్ నిద్రమాత్ర పెంచారు, వాడు మత్తుగా పడుకుని నిద్రలో కూడా చెంప పట్టుకునే ఉన్నాడు. అది చూసి నాన్నే అన్నాడు, "పన్నేమో చూడండే" అని. జ్ఞానదంతం కింద చీము పట్టింది. పన్ను తీసిన మర్నాడు పప్పన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పన్ను, చెవి, మలబద్ధకం, బిగుతు బట్టలు, ఇంట్లో కొత్త మనిషి, పక్కింట్లో డ్రిల్లింగ్ మిషన్. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది అని వారం రోజులు రాయండి, చాలాసార్లు కారణం ఆ కాగితంలోనే కనిపిస్తుంది. మందులు అవసరమయ్యేవాళ్ళు ఉన్నారు, కాదనను. ఫిట్స్ మందు మాత్రం ఎవరు చెప్పినా డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు.

ఆడపిల్ల. పీరియడ్స్ మొదలయ్యాయి. గర్భసంచి తీయించేయమని చుట్టాలు అంటున్నారు.

తీయించొద్దు. శుభ్రత నేర్పడం కష్టమని ఒక అవయవం తీసేయడం ఎలాంటి న్యాయం? ప్యాడ్ మార్చడం కూడా టీ లాగే మెట్లుగా విడగొట్టి నేర్పొచ్చు, లోదుస్తుల మీద గీత గీసి ఎక్కడ అంటించాలో చూపించడం లాంటివి స్పెషల్ టీచర్లు చెబుతారు. 2009లో సుప్రీంకోర్టు సుచితా శ్రీవాస్తవ కేసులో, మేధో వైకల్యం ఉన్న ఆడమనిషి గర్భం విషయంలో ఆమె ఇష్టాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని చెప్పింది.

చుట్టాల మాట వెనక అసలు భయం వేరే, ఎవరైనా పాడుచేస్తారేమోనని. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, ఆ మనిషిని ఆపదు. ఒంటి మీద ఏ భాగాలు ఎవరూ ముట్టకూడదో, 'వద్దు' అని గట్టిగా ఎలా అరవాలో నేర్పండి. ఏదైనా జరిగితే 112, పిల్లలైతే 1098. పోలీసులు ఇంటికొచ్చి, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయంతో, వీడియో తీస్తూ వాంగ్మూలం తీసుకోవాలని చట్టంలో ఉంది. ఆ మాట మీరే గుర్తుచేయాల్సి రావచ్చు.

పెళ్ళి చేస్తే బాగవుతాడంటున్నారు?

కాడు. విషయం దాచి ఎవరో పిల్ల గొంతు కోయడమే అవుతుంది. కొద్దిపాటి వైకల్యం ఉన్నవాళ్ళు ఇష్టపడి, అవతలివాళ్ళకి అన్నీ తెలిసి చేసుకుంటే అది వేరే సంగతి.

మేం పోయాక వీడి గతేంటి?

ఇది అడగని తల్లి లేదు. నాకున్న అనుభవం మేరకు, మీరుండగానే ఒక రాత్రి ఎక్కడైనా ఉంచడంతో మొదలుపెట్టండి. మొదటిసారి వాడిని నా దగ్గర అమ్మ లేకుండా రెండు రోజులు ఉంచుకున్నాం, రాత్రంతా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. నాలుగోసారి వెళ్ళిపోతుంటే చెప్పు దాచేశాడు, వెళ్ళనని.

నేషనల్ ట్రస్ట్ కింద సమర్థ్, ఘరౌందా అని కొన్నాళ్ళు గానీ, ఎప్పటికీ గానీ ఉండే ఇళ్ళున్నాయి, సీట్లు తక్కువ. ప్రైవేటు హోమ్‌లకి నెలకి బాగానే అవుతుంది. ఏదైనా సరే, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, 2016 చట్టం ప్రకారం అది లేకుండా నడపకూడదు. తర్వాత గోడల మీది ఫోటోలు కాదు, బాత్రూమ్ చూడండి. తలుపులకి లోపలి గడియ ఉందా, రాత్రిపూట ఎంతమంది మెలకువగా ఉంటారు, ఎవరి లోదుస్తులు వాళ్ళకేనా లేక అందరివీ ఒకే గంపలోనా, మందులు ఇచ్చిన పుస్తకంలో నిన్నటి సంతకం ఉందా. చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్ళండి. "ముందు ఫోన్ చేసి రావాలి" అని గేటు దగ్గరే ఆపేస్తే నేనైతే అక్కడ చేర్చను. ఒక చోట నన్ను అలాగే ఆపారు. లోపల్నుంచి అందరూ ఒకేసారి భజన పాడుతున్న శబ్దం, చాలా బాగుంది, కానీ గేటు తీయలేదు.

అమ్మ అలసిపోయింది. ఒప్పుకోదు.

ఒప్పుకోదు. అడక్కుండా ఆదివారం ఒక పూట మీరు తీసేసుకోండి. అన్నదమ్ములు డబ్బు పంపి ఊరుకోకుండా ఏడాదికి ఒక వారం వచ్చి ఉంటే అమ్మకి కాస్త ఊపిరాడుతుంది, వాళ్ళకీ ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. మరీ మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఇక్కడ ఏం అడగాలి?

మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంటుంది, తను చెప్పింది చెబుతున్నా. 18 దాటినవాళ్ళకి 2014 నాటి కేర్ యాక్ట్ కింద అక్కడి స్థానిక కౌన్సిల్ వాళ్ళ అవసరాలు అంచనా వేయాలి, చూసుకునే మీకూ విడిగా అంచనా అడిగే హక్కుంది. మీరే మనిషిని పెట్టుకునేలా డబ్బు నేరుగా ఇచ్చే పద్ధతీ ఉంది. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర లెర్నింగ్ డిజబిలిటీ రిజిస్టర్‌లో పేరు రాయిస్తే 14 ఏళ్ళ నుంచి ఏటా ఆరోగ్య పరీక్ష చేస్తారు. మనవాళ్ళకి అక్కడ వింతగా అనిపించేది ఒకటే, ఏ ప్రశ్నైనా ముందు పిల్లాడినే అడుగుతారు, అమ్మానాన్నల్ని కాదు. మొదట్లో మా అక్కకి కోపమొచ్చిందట.

ఇంతకీ ఫైల్లో ఏమేం పెట్టుకోవాలి?

యూడీఐడీ కార్డు, ఆధార్, పుట్టినతేదీ సర్టిఫికెట్, ఐక్యూ రిపోర్టులు, గార్డియన్‌షిప్ కాగితం, నిరామయ కార్డు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీలు, అర్జీల రసీదులు. అన్నీ రెండేసి జిరాక్సులు, ఒక సెట్టు వేరే ఇంట్లో.

వీటితోపాటు ఒక నోట్‌బుక్. వాడి గురించి తెలియనివాళ్ళు ఒక రోజు వాడితో గడపాల్సొస్తే ఏం తెలియాలో అందులో ఉండాలి. మాది అమ్మ చెబుతుంటే నేను రాశాను, నలభై పేజీలు దాటింది. ఉరుములంటే భయం, అప్పుడు ఫ్యాన్ పెద్దగా పెట్టాలి. 'బువ్వ' అంటే అన్నం, 'బూ' అంటే బస్సు. కొత్త చెప్పులు వారం రోజులు ఇంట్లోనే వేయించి అలవాటు చేయాలి. పెరుగన్నంలో ఆవకాయ కలపొద్దు, పక్కన పెట్టాలి, వాడే నంజుకుంటాడు.